మంద రాత్రి ఎక్కడ పడుకుంటుంది? గోదావరి డెల్టాలో గొర్రెల కాపలా

గోదావరి డెల్టాలో గొర్రెలకంటూ శాశ్వతమైన బీడు ఎక్కడా లేదు. పల్నాడులోనో అనంతపురంలోనో కనిపించే గడ్డి కొండలు, కంచె భూములు ఇక్కడ ఉండవు. అయినా ఏడాదిలో కొన్ని వారాలు డెల్టా డెల్టా అంతా మేతబీడే. పంట కోసిన దగ్గర్నుంచి మళ్లీ నీరు పెట్టేదాకా చేలోకి మంద దిగొచ్చు. నీరు పెట్టారంటే అదే చేలో గొర్రె కాలు పెడితే తగాదా. మెట్ట కాపరి నేల చూసి మంద తోలతాడు, డెల్టా కాపరి తేదీ చూసి తోలాలి. నక్కల గురించి మాట్లాడినా, కుక్కల గురించి మాట్లాడినా, కాపలా గురించి మాట్లాడినా ఈ తేదీల దగ్గరే మొదలుపెట్టాలి. జీవాలు ఏ నెలలో ఏ మూలకు నెట్టుకుపోయి, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నాయన్నదాన్ని బట్టే అవి ఎవరి నోట పడతాయో తేలుతుంది.

దీనికి మూలం నీరు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువల వెంట వరి పరుచుకుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి ఇప్పుడు ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. సార్వా వానాకాలంలో ఊడ్చి నవంబరు, డిసెంబరుల్లో కోస్తారు. దాళ్వా చలికాలంలో ఊడ్చి ఏప్రిల్‌లో కోస్తారు. జీవాలకు చేలు ఖాళీగా దొరికేది ఈ రెండు పంటల సందుల్లోనే.

మొదటి సందు చాలా ఇరుకు. సార్వా కోతకూ దాళ్వా ఊడ్పుకూ మధ్య చాలాచోట్ల కొద్ది వారాలే. దాళ్వాకు నీరందని శివారు భూముల్లో ఎక్కువ రోజులు దొరుకుతాయనుకుంటే అక్కడ ఇంకో చిక్కు ఉంది. వరి కోతకు ముందే తడి చేలో మినుమో పెసరో చల్లేస్తారు. పైన కోత అయిపోయినా కింద మొలక లేచి ఉంటుంది. రెండో సందు ఏప్రిల్ కోతల నుంచి జూన్‌లో కాలువలకు నీరొదిలేదాకా. డెల్టాలో అసలైన మేతకాలం ఇదే. అప్పటికి కాలువలు కట్టేసి ఉంటాయి, ఎండ మండుతుంటుంది. గడ్డి ఉన్నచోట నీళ్లు ఉండవు, నీళ్లున్న చెరువు దగ్గర గడ్డి ఉండదు. మంద రోజంతా ఆ రెంటి మధ్య నడుస్తూనే ఉంటుంది.

ఈ సందుల్లోనే మెట్ట మందలు డెల్టాలోకి దిగుతాయి. కాపరికి మోడు మేత, రైతుకు ఎరువు. "ఈ రాత్రికి మంద మా చేలో కట్టు బాబాయ్" అని రైతు అడిగితే, రాత్రికింత అని డబ్బో ధాన్యమో మాట్లాడుకుని మంద చుట్టూ కంచెగా వల వేస్తారు. పెంటతో పాటు మూత్రం కూడా నేరుగా నేలలోకి దిగడం ఇందులో పెద్ద లాభం. పెంటకుప్పలో ఆవిరైపోయే నత్రజనిలో మంచి భాగం చేలోనే మిగులుతుంది. వల రోజూ కాస్త జరుపుకుంటూ పోతే ఎకరమంతా ఎరువు పడుతుంది. కాపలా సంగతి మాట్లాడేటప్పుడు ఈ ఒప్పందాన్ని ఎవరూ గుర్తుచేయరు గానీ, గొర్రెలకు ఇంతకు మించిన రక్షణ లేదు. మంద చేను నడిమధ్య పడుకుంటుంది. చుట్టూ మోకాలెత్తు మోడు తప్ప చాటు ఉండదు. ఊరి చెత్తకుప్పలు దూరం, తుప్పలు దూరం. ఏది వచ్చినా నాలుగు దిక్కులా కనబడుతుంది.

కోత మిషన్ తిరిగిన చేలో ఒక జాగ్రత్త పాటించాలి. మిషన్ మలుపు తిరిగిన మూలల్లో గింజ కుప్పగా రాలుతుంది. ఆకలి మీదున్న గొర్రె దాన్ని కడుపునిండా తింటే పొట్ట పులిసిపోయి ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోతుంది. అందుకే అలాంటి చేలోకి మందను ఖాళీ కడుపుతో వదలకూడదు. ముందు గట్టు మీద గడ్డి మేపి అప్పుడు దింపాలి.

జులై నుంచి నవంబరు దాకా చేలన్నీ మూతపడతాయి. అప్పుడు మంద ఏటిగట్ల మీదికి, కాలువగట్ల మీదికి, కోనసీమ కొబ్బరితోటల్లోకి, తీరం వెంట సరుగుడు తోటల్లోకి, వరద తీసిన లంకల్లోకి, చివరికి మడ అడవుల అంచుకి పోవాలి. కొబ్బరితోటలో కోకో అంతరపంట వేస్తే గొర్రెను రానివ్వరు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు, సముద్రం వైపు అల్లవరం, కాట్రేనికోన మండలాల్లో వరిచేలు చేపల, రొయ్యల చెరువులైపోయాక ఆ భూమి మేత లెక్కలోంచి పూర్తిగా పోయింది. చెరువుగట్టు మీద గడ్డి ఉన్నా మందను తోలనివ్వరు, తోలనిచ్చినా ఆ నీళ్లు తాగించలేం. మిగిలిన గట్ల మీద గడ్డి మందు కొడుతున్నారు. కొట్టిన వెంటనే గడ్డి పచ్చగానే ఉంటుంది, పండుబారడానికి వారం దాకా పడుతుంది. ఎప్పుడు కొట్టారో అడిగి తెలుసుకోకుండా మందను దింపడం ప్రమాదం. ఇలా ఒక్కో చోటూ తగ్గిపోగా మిగిలిన అంచుల్లోనే అడవి జంతువులూ తలదాచుకుంటున్నాయి. నక్కలు కొత్తగా ఊళ్ల మీదికి రాలేదు. మందే వాటి దగ్గరికి నెట్టుకుపోయింది.

అంచుల్లో ఎవరున్నారు

తోడేలు ఎండు నేలల జంతువు, డెల్టాలో దాని మాటే లేదు. పులి, చిరుత పాపికొండల వైపు అడవుల్లో ఉంటాయి. అవి కిందికి దిగిన సందర్భాలు ఉన్నా అరుదు. 2022 మే, జూన్ నెలల్లో ఒక పెద్దపులి కాకినాడ జిల్లా ప్రత్తిపాడు పరిసరాల్లో పశువుల్ని చంపుతూ తిరిగింది. 2024 సెప్టెంబరులో ఒక చిరుత రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువు అడవిలో కనబడి, అక్కడి నుంచి కడియం నర్సరీల దాకా వచ్చింది. ఇలాంటప్పుడు పత్రికలన్నీ దాని గురించే రాస్తాయి, ఊళ్లో ఎవరూ గడప దాటరు. కానీ ఏటా గొర్రెలు పోవడానికి వాటితో సంబంధం లేదు.

డెల్టాలో మంద చుట్టూ నిజంగా తిరిగేవి నక్క, అడవిపిల్లి, బావురుపిల్లి, కొండచిలువ. పైన గద్ద, కాకి. లంకల్లో రెల్లు దుబ్బులు, గట్ల మీద తుమ్మ తుప్పలు నక్కకు ఇళ్లు. అది ఎక్కువగా తినేది ఎలుకలు, పీతలు, రాలిన పండ్లు, చచ్చిన జంతువులు. వరిచేలో ఎలుకల కోసం బుట్టలు పెట్టించి కూలి ఇచ్చే రైతుకు నక్క ఆ పనే ఊరికే చేసిపెడుతోంది. అయితే ఎండాకాలం మొదట్లో నక్క పిల్లల్ని పెట్టుకుంటుంది. అప్పుడే ఈనిన గొర్రెపిల్ల వల బయట దొరికితే వదలదు. పెద్ద గొర్రె జోలికి పోయే బలం దానికి లేదు.

బావురుపిల్లి సంగతి వేరు. 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లకు పైబడిన మడ అడవి, దాని ముఖ్యమైన నివాసాల్లో ఒకటి. కాలివేళ్ల మధ్య కొంత పొర ఉండి, నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి ఇది. చూడ్డానికి చిన్న చిరుతలా ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూసినవాళ్లు చిరుతపులి అని హడలిపోతారు. అప్పుడప్పుడు ఒక పిల్లనో కోడినో ఎత్తుకుపోవచ్చు. అంత మాత్రాన దాన్ని గొర్రెల శత్రువుగా చూడడం అన్యాయం. ప్రపంచంలోనే తగ్గిపోతున్న జాతి అది. మడ చెట్లు కొట్టి చెరువులు తవ్విన చోట దానికి చేప ఉండదు, ఉండడానికి పొదా ఉండదు.

గొర్రె వీపు మీద వాలే పసులపోలిగాణ్ణి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మంద కదిలినప్పుడు లేచే పురుగుల కోసం వచ్చే ఈ నల్ల పిట్ట, గద్ద కిందికి దిగితే వెంటపడి తరుముతుంది. రాత్రి గట్టు మీద ఏదైనా కదిలితే మొదట అరిచేది తీతువు. దాని కూత అపశకునమని ఊళ్లో భయపడతారు. వల దగ్గర పడుకున్న కాపరికి మాత్రం అది లేచి చూడమన్న కబురు.

చచ్చిన జీవం చెప్పే సాక్ష్యం

తెల్లారి వల దగ్గరికి వెళ్తే మూడు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయనుకుందాం. తొడల వెనక కండ చీరుకుపోయింది. తోక మొదట్లో, పొదుగు దగ్గర గాట్లున్నాయి. చెవులు చిరిగాయి. ఇంత చేసినా తిన్నది పిడికెడు లేదు. మరో నాలుగైదు గొర్రెలు కుంటుతూ, వణుకుతూ మూలకు ముద్దకట్టాయి. వల ఒక పక్క నేలకు ఒరిగింది. ఇది నక్క పని కాదు, బావురుపిల్లి పని అసలే కాదు. ఇది ఊరకుక్కల పని. కుక్క ఆకలి కోసం కాక, గొర్రె పరుగెత్తుతోంది కాబట్టి వెంటపడుతుంది. వెనక నుంచి కరుస్తుంది, ఒకదాన్ని వదిలి ఇంకోదాని మీదికి పోతుంది. దెబ్బతిన్న గొర్రెల్లో కొన్ని గాయానికి పురుగు పట్టి ఆ తర్వాత రోజుల్లో పోతాయి, చూలువి ఈసుకుపోతాయి. ఆ నష్టం మొదటి రోజు లెక్కలో కనిపించదు.

నక్క వచ్చిందంటే ఆనవాళ్లు ఇంత గందరగోళంగా ఉండవు. చాలాసార్లు ఒక పిల్ల కనబడదు, అంతే. కళేబరం దొరికితే మెడ మీదో తల మీదో చిన్న పళ్ల గుర్తులు, పొట్ట చీల్చి లోపలి భాగాలు తిన్న జాడ ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నక్క పక్కన కనబడినంత మాత్రాన అదే చంపిందని కాదు, చచ్చిన పిల్లను తినడానికి వచ్చి ఉండొచ్చు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. గాట్లున్న చోట తోలు ఒలిచి చూడాలి. కింద నెత్తురు గడ్డకట్టి కమిలి ఉంటే బతికుండగానే కరిచింది. కమిలిన జాడ లేకుండా కండ తేటగా ఉంటే చచ్చాకే తిన్నది. అప్పుడే పుట్టిన పిల్లయితే గిట్టల అడుగు చూడాలి. పుట్టుకతో ఉండే మెత్తటి పొర అరగకుండా అలాగే ఉంటే అది లేచి నడవనే లేదు. ఊపిరితిత్తి ముక్క కోసి నీళ్లలో వేస్తే, గాలి పీల్చినదైతే తేలుతుంది, చచ్చి పుట్టినదైతే మునుగుతుంది. ముర్రుపాలు అందక, వానకు తడిసి చచ్చిన పిల్లల్ని కూడా నక్కల ఖాతాలో వేస్తూ పోతే అసలు లోపం ఎప్పటికీ సరికాదు.

ఊరకుక్కలు ఇంతగా ఎందుకు పెరిగాయి? ఒక కారణం ఆకాశంలో ఉంది. ఒకప్పుడు చచ్చిన పశువును గంటల్లో రాబందులు ఎముకల దాకా శుభ్రం చేసేవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టేసింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు గానీ పక్షులు తిరిగి రాలేదు. ఆ తిండి కుక్కల పాలైంది. డెల్టాలో దీనికి తోడు కోళ్ల వ్యర్థాలు, చేపల చెరువుల్లో చచ్చినవి, కాలువగట్ల మీద పారబోసే చెత్త ఉన్నాయి. ఏడాది పొడవునా ఇంత తిండి దొరికే చోట కుక్కల్ని పట్టుకెళ్లి వేరేచోట వదిలినా ఆ ఖాళీ నిలవదు. కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేశాక కుక్కను పట్టిన చోటే వదలాలి. చెత్త తీయకుండా ఆపరేషన్లతోనే పని అయిపోతుందనుకోవడం పొరపాటు. ఈ కుక్కలు గొర్రెలతో ఆగడం లేదు. ధవళేశ్వరం పరిసర లంకల్లో కృష్ణజింకలున్నాయి. వరదకు గట్టెక్కిన జింకను తరిమేదీ ఈ కుక్కలే.

కాపలా కుక్క, గాడిద, మనిషి

ఊరకుక్కే ప్రధాన శత్రువైన చోట మందకు కుక్కనే కాపలా పెట్టొచ్చా? పెట్టొచ్చు. పెంచిన తీరును బట్టి ఉంటుంది. అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో ఎలుగుబంట్లు, నక్కను పోలిన కొయొటీలు తిరిగే విశాలమైన బీళ్లలో గొర్రెలు మేపేవాళ్లు చాలాకాలం విషం మీద ఆధారపడ్డారు. 1972లో ప్రభుత్వ భూముల్లో ఆ విషాల వాడకాన్ని ఆపేశాక, ఆ దశాబ్దం చివర్లో కాపలా కుక్కల వైపు తిరిగారు. గ్రేట్ పిరనీస్, అనటోలియన్ లాంటి జాతులను ఐరోపా నుంచి, టర్కీ నుంచి తెప్పించుకున్నారు. నమీబియాలో చీతాల్ని రైతులు కాల్చకుండా ఉండాలని 1994 నుంచి ఇలాంటి కుక్కల్నే రైతులకు ఇస్తున్నారు.

ఈ బొచ్చు జాతుల్ని తెచ్చి కోనసీమ ఉక్కపోతలో పెట్టడం కుక్కకు హింస, కాపరికి మోయలేని ఖర్చు. మనకు పనికొచ్చేది ఆ జాతి కాదు, ఆ పద్ధతి. అమెరికాలో నవాహో తెగవాళ్లు, బోట్స్వానాలో పల్లె రైతులు ఏ జాతీ లేని నాటు కుక్కల్తోనే మందల్ని కాపాడుకుంటున్నారు. కుక్కపిల్ల తల్లిపాలు మరిచిన దగ్గర్నుంచి నాలుగు నెలల వయసు లోపు గొర్రెల మధ్యే పడుకోవాలి, అక్కడే తినాలి. ఆ వయసులో ఎవరి మధ్య పెరిగితే వాళ్లనే తనవాళ్లనుకుంటుంది. పిల్లలు దాన్ని ఇంట్లోకి తెచ్చి ఆడించడం మొదలుపెడితే అది ఇంటి కుక్క అవుతుంది, రాత్రి మందను వదిలి ఇంటికొచ్చేస్తుంది. మొదటి ఏడాది గొర్రెపిల్లల్ని ఆటగా తరుముతుంది. అప్పుడే గట్టిగా అదిలించాలి, లేదా మెడకు అడ్డకర్ర వేలాడదీయాలి. నమ్మకంగా వదలడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఇంత ఓపిక పట్టకుండా, పెద్దయిన ఊరకుక్కను తెచ్చి వలకు కట్టేసి కాపలా కాయమంటే కాయదు.

కాపలా కుక్క పని కరవడం కాదు. మొరగడం, అడ్డంగా నిలబడడం, మందకూ వచ్చేవాటికీ మధ్య తన గుర్తు వేసుకుంటూ తిరగడం. నక్క అయినా ఊరకుక్క అయినా దెబ్బ తినే చోటికి రాదు. ఈ కోణంలో చూస్తే డెల్టాకు సొంతమైన జోనంగి కుక్క వేరే పనికి పుట్టింది. పొట్టి బొచ్చు, నుదుట ముడతలు, చుట్టుకున్న తోక ఉన్న ఈ కుక్క కొల్లేరు, గోదావరి, కృష్ణా తీరాల్లో బాతుల మందల్ని తోలడానికి, చిన్న వేటకు పనికొచ్చేది. మామూలు కుక్కలా మొరగదని దానికి పేరు. మొరగని కుక్క మందను తోలగలదు గానీ రాత్రి వలకు కాపు కాయడం దానికి కష్టం. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు వచ్చి బాతుల కాపు తగ్గాక జోనంగి కూడా తగ్గిపోయింది. దాన్ని కాపాడుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది. కానీ గొర్రెల కాపలా పేరు చెప్పి కాపాడబోతే అటు కుక్కకూ న్యాయం జరగదు, ఇటు గొర్రెకూ జరగదు.

కుక్కను మందలో ఉంచితే ఒక నియమం తప్పనిసరి. దానికి పచ్చి గొర్రె తల, పేగులు వేయకూడదు. కుక్క పేగుల్లో బద్దెపురుగు ఉంటే దాని గుడ్లు గడ్డి మీద పడి గొర్రె కడుపులోకి పోతాయి. అక్కడి నుంచి మెదడుకు చేరి నీటితిత్తి కడతాయి. ఆ గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోతుంది. ఆ తలను మళ్లీ కుక్క తింటే పురుగుకు కొత్త జన్మ. కుక్కకు క్రమం తప్పకుండా పురుగుల మందు, ఏటా రేబిస్ టీకా వేయిస్తే మందతో పాటు కాపరి కుటుంబమూ క్షేమం.

గాడిద సహజంగానే కుక్కజాతిని సహించదు. తరుముతుంది, తంతుంది, ఓండ్రపెడుతుంది. ఒక మందలో ఒకే ఆడ గాడిద ఉంటేనే గొర్రెల్ని అంటిపెట్టుకుంటుంది. రెండుంటే అవి రెండూ ఒకటై గొర్రెల్ని పట్టించుకోవు. వలస కాపరుల మూటలు మోసేది కూడా కాబట్టి ఖర్చు రెండువైపులా కలిసొస్తుంది. చిక్కల్లా రెండు విషయాల్లో ఉంది. గాడిద గిట్ట ఎండు నేలకు సరిపడేది, నెలల తరబడి బురదలో నిలబడితే పుచ్చిపోతుంది. రెండోది, అసలు గాడిదలే మిగల్లేదు. 2019 పశుగణన ప్రకారం 2012తో పోలిస్తే దేశంలో గాడిదల సంఖ్య 61 శాతం పడిపోయింది. కోస్తా జిల్లాల్లో మాంసం కోసం గాడిదల్ని కోయడం దీన్ని ఇంకా దిగజారుస్తోంది. అది ఆహార భద్రత నిబంధనలకు విరుద్ధమైన వ్యాపారం. అదే పశుగణనలో గొర్రెలు దేశంలో 14 శాతం పెరిగాయి. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ తెలంగాణ తర్వాత రెండో స్థానంలో ఉంది. జీవాలు పెరిగాయి, వాటితో నడిచే కాపలా జంతువులు తరిగాయి.

చివరికి డెల్టాలో కాపలా భారమంతా మనిషి మీదే పడింది. సాయంత్రం మేకులు కొట్టి వల బిగించడం, లేత పిల్లల్ని గంప కింద మూయడం, ఈనడానికి సిద్ధంగా ఉన్న తల్లిని లోపలి వైపు కట్టడం, అర్ధరాత్రి రెండుసార్లు లేచి టార్చిలైటు తిప్పడం. వల విషయంలో ఎక్కువమంది చేసే లోపం అడుగున జరుగుతుంది. ఎత్తు చూసుకుంటారు గానీ కింద అంచును నేలకు బిగించరు. కుక్క దూకదు, కిందనుంచి దూరుతుంది. గొర్రె బెదిరి అవతలి వైపుకు తోసుకుపోతే వల కూలుతుంది, బయటపడ్డ మందను చీకట్లో ఎవరూ కాపాడలేరు. అందుకే బయట ఒక వల, లోపల రెండు మూడు అడుగులు వదిలి తడికెలతో ఇంకో దడి కట్టుకున్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు.

నక్క కన్నా నీరు

ఇంతా చేసి, డెల్టాలో కాపరిని ఎక్కువగా దెబ్బతీసేది నోరున్న జంతువు కాదు. వరిచేలో, కాలువ అంచున ఉండే నత్తల్లో కాలేయాన్ని దెబ్బతీసే జలగ పురుగు (లివర్ ఫ్లూక్) పెరుగుతుంది. అది బయటికొచ్చి నీటి అంచు గడ్డికి అతుక్కుంటుంది. ఆ గడ్డి మేసిన గొర్రె కాలేయం లోపలే దెబ్బతింటుంది. నెలలు గడిచాక దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. అప్పటికి ఆలస్యమైపోయినట్టే. వానలు తగ్గాక ఒకసారి, వేసవికి ముందు ఒకసారి జలగకు పనిచేసే నట్టల మందు తాగించాలి. అన్ని నట్టల మందులూ జలగ మీద పనిచేయవు, డాక్టరును అడిగి తీసుకోవాలి. నీటి అంచున కాకుండా మెరక మీద మేపడం మందు కన్నా మేలు. బాతుల మంద తిరిగిన చేలో నత్తలు తగ్గుతాయి కాబట్టి, బాతులవాళ్లు ముందు, గొర్రెలవాళ్లు వెనక దిగితే ఇద్దరికీ మంచిదే.

తడిలో గిట్టల పుండ్లు వస్తాయి. తొలకరి లేతగడ్డి ఆబగా తిన్న గొర్రెకు చిటుక రోగం వస్తుంది. అది సాయంత్రం బాగానే ఉండి తెల్లారేసరికి చచ్చిపడుతుంది. ఆ టీకా వానలకు ముందే వేయించాలి. దోమకన్నా చిన్న ఈగల ద్వారా వ్యాపించే నీలి నాలుక, గాలిలా చుట్టేసే పీపీఆర్ (పారుడు రోగం) కూడా ఉన్నాయి. చిటుక రోగానికి, నీలి నాలుకకు, పీపీఆర్‌కు టీకాలు ఉన్నాయి. ఇవన్నీ కాపలా వ్యాసంలో ఎందుకంటే, కుంటే గొర్రె, నీరసించిన గొర్రె మంద వెనక పడిపోతుంది. కుక్క మొదట పట్టేది దాన్నే. గిట్టలు బాగున్న మంద సగం కాపలా తానే కాస్తుంది.

ఇక వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు మించింది. బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. లంకలో మంద ఉన్నవాళ్లు మొదటి హెచ్చరిక కోసం చూడకూడదు. భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందన్న కబురుకే పడవలు దొరికే వేళలో గట్టెక్కించాలి. గొర్రె ఈదగలదు గానీ బెదిరితే ఒకదాని మీద ఒకటి ఎక్కి మునుగుతాయి. గట్టెక్కాక ఇంకో కష్టం మొదలవుతుంది. మనుషులు, పశువులు, పాములు, నక్కలు, ఆకలి మీదున్న కుక్కలు అన్నీ అదే ఏటిగట్టు మీద చేరతాయి. వల వేయడానికి మేకు దిగే పొడి నేల కూడా దొరకని ఆ రాత్రుల్లోనే మందలు ఎక్కువగా నష్టపోతాయి. పునరావాస కేంద్రాల ఏర్పాట్లలో మనుషులకు, పాడిపశువులకు చోటు చూపిస్తారు. జీవాలకు కంచె వేసిన మెరక ఒక్కటి చూపించడం పెద్ద ఖర్చు కాదు.

నష్టపోయిన కాపరి కోపంలో చేసే పని ఒకటుంది. చచ్చిన గొర్రె మీద పురుగుమందు గుళికలు చల్లి వదిలేయడం. నక్క వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు, విషం పెట్టడం శిక్షార్హం. చట్టం మాట అటుంచినా, ఆ విషం నక్క దగ్గర ఆగదు. గద్దలు, ముంగిసలు, కాపరి సొంత కుక్క కూడా తిని చస్తాయి. అడవిపందుల కోసం చేల చుట్టూ లాగే కరెంటు తీగలూ ఇంతే. రాత్రి మందను వెతుక్కుంటూ వెళ్లే కాపరి కాలికే అవి తగులుతాయి. చచ్చిన జీవాన్ని కాలువలో పారేయకుండా లోతుగా తవ్వి సున్నం చల్లి పూడిస్తే, కుక్కలకు గొర్రె మాంసం రుచి తెలియదు. అంతకన్నా ముందు 1962కు ఫోన్ చేసి పశువైద్య వాహనాన్ని పిలిపించి, ఎలా చచ్చిందో కాగితం మీద రాయించుకుంటే బీమాకూ పరిహారానికీ దారి ఉంటుంది.

కోతలకు నెల ముందు, అక్టోబరులోనో మార్చిలోనో, పంచాయతీలో ఒక గంట కూర్చుంటే సగం చిక్కు తేలుతుంది. ఏ చేలకు దాళ్వా వస్తోంది, ఏ చేలో మినుము చల్లుతున్నారు, ఎవరి చేను ఎన్నాళ్లు ఖాళీ, ఎవరికి మంద ఎరువు కావాలి, రాత్రికి ఎంత ఇస్తారు, ఏ గట్టు మీద గడ్డి మందు కొట్టారు, తాగునీటికి ఏ చెరువు వాడుకోవాలి, చచ్చిన జీవాల్ని ఎక్కడ పూడ్చాలి. ఇవి రాసి పెట్టుకుంటే మంద మడ అంచుకో చెత్తకుప్ప పక్కకో పోకుండా చేను నడిమధ్య పడుకుంటుంది.